చెంచా పడింది, చూడండి!

కరోనా రెండో ఏడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో నేను ఒక వీడియో చూసి, ఉన్న కాస్త బుద్ధీ పోగొట్టుకున్నాను. పంపింది మా అక్క మొగుడు. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఆయనది. వీడియోలో ఫ్యాక్టరీ పనివాడొకడు భుజం చూపిస్తున్నాడు. టీకా వేసిన చోట స్టీలు చెంచా అతుక్కుని ఉంది. వెనక నుంచి బావ గొంతు: "సూడండప్పా, సూదిలో మాగ్నెట్ ఉండాది!"

నేను డోన్‌లో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ని. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెంటనే ఒక పేజీ పొడవున జవాబు రాశాను. అందులో సైన్సు రెండు ముక్కలు, మిగతాదంతా వెటకారం. "బావను మళ్లీ ఆరో తరగతిలో కూర్చోబెట్టాలి, అదీ చివరి బెంచీలో" అని ముగించాను. మా చిన్నాన్నల పిల్లలు పదకొండు మంది నవ్వే బొమ్మలు పెట్టారు. బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "నువ్వు గొప్పోడివేలేరా. రేపు పోతా, ఎల్లుండి పోతా అంటాండె మనిషి, ఇప్పుడు సచ్చినా సూది ఏసుకోనంటాండాడు" అని ఏడ్చింది. ఏళ్ల తరబడి రాతిపొడి మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. మేడ మెట్లెక్కితే మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. ఆ మనిషికి జబ్బు సోకితే తట్టుకోలేడని డాక్టరు ముందే చెప్పాడు. నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది కానీ అది కొంచెం ఆలస్యంగా.

ఆదివారం బడి ల్యాబులోని అయస్కాంతం జేబులో వేసుకుని బేతంచెర్ల వెళ్లాను. ఫ్యాక్టరీలో ఒక మిషనే తిరుగుతోంది. బండ మీద నీళ్లు పడుతుంటే తెల్లటి బురద అందరి మీదా చిందుతోంది. బావ నన్ను చూసి, "రాండి సారూ, చివరి బెంచీ ఈడుండాది" అన్నాడు. అది మామూలుగా ఆయన నన్ను పిలిచే పిలుపు కాదు.

వీడియోలోని చెంచా తెప్పించి, ముందు అయస్కాంతాన్ని దానికే ఆనించాను. అతుక్కోలేదు. కొన్ని రకాల స్టీలును అయస్కాంతం పట్టుకోదు, ఇది ఆ రకం; సూదిలో నిజంగా మాగ్నెట్ ఉన్నా ఇది అతుక్కోదు. నేను విజయగర్వంతో చుట్టూ చూశాను.

"నీ మాగ్నెట్ చెడిపోయిండాది" అన్నాడు బావ.

పనివాళ్లందరూ అవునని తలలూపారు. చివరికి ఆ చెంచానే తీసుకుని, టీకా మొహం చూడని బావ నుదుటికి గట్టిగా అదిమాను. చెమట, దాని మీద సన్నటి రాతి బురద. చెంచా నుదుటి మీద నామంలా నిలబడింది.

బావ మొహం పాలిపోయింది. "అంటే నాకు తెలీకుండానే ఏసేసినారా!"

వీడియోలోని పనివాడు మాత్రం పకపకా నవ్వి, తొట్టి దగ్గరకెళ్లి సబ్బుతో భుజం కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. ఈసారి చెంచా జారి బండ మీద ఖంగున పడింది. "బురదన్నా ఇది, ఉత్త బురద" అన్నాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. బావ నుదురు తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు: "సరేలేప్పా. పోయిన నెల ముక్కులో నిమ్మరసం ఏసుకుంటే కరోనా రాదని గ్రూపులో పెట్టిందెవరు?"

పెట్టింది నేనే. ఎవరో పంపితే చదవకుండా తోసేశాను.

"నువ్వు సైన్సు సారువని ఏసుకుంటి. మూడు దినాలు ముక్కు మంటతో సచ్చిపోతి. నేనేమన్నా ఎగతాళి చేసినానా? ఆ నిమ్మరసం సంగతీ ఈ సూది సంగతీ చెప్పేది నువ్వే కదా. యాడ నమ్మేది?"

దీనికి నా జేబులో ఏ పరికరమూ లేదు. అక్కడే బండ మీద కూర్చుని ఆయన్ను మళ్లీ గ్రూపులో చేర్పించి రాశాను: నిమ్మరసం సంగతి తప్పు, నేను కనుక్కోకుండా పంపాను, ఎవరూ వేసుకోకండి, బావను ఎగతాళి చేయడం అంతకంటే తప్పు. బావ నా భుజం మీదుగా అక్షరమక్షరం చదివాడు. "ముక్కు మండిందని కూడా రాయి" అన్నాడు. రాశాను.

మర్నాడు ఆసుపత్రి వరసలో ఇద్దరం నిలబడ్డాం. బావ రెండు భుజాలూ తోముకుని వచ్చాడు, ఎర్రగా కందిపోయాయి. సూది పడింది. అరగంట కూర్చోమన్నారు. కూర్చోకుండా ఆయన జేబులోంచి అదే చెంచా తీసి అందరి ముందూ భుజానికి ఆనించాడు. అది నేల మీద పడింది.

"పడిపాయ! సూడండి, పడిపాయ!" అని అరిచాడు.

వరసలోంచి జారుకుంటున్న ఒక ముసలమ్మ ఆగింది. "మళ్లా ఎయ్యి నాయనా, సరిగా కనపడల్యా" అంది. మళ్లీ వేశాడు. మళ్లీ పడింది. వెనకవాళ్లు ముందుకు జరిగారు. ఇన్నేళ్ల నా నౌకరీలో ఏ తరగతీ నా పాఠం అంత శ్రద్ధగా వినలేదు.

వంగితే ఆయనకు ఆయాసం వస్తుంది. అందుకని పడిన ప్రతిసారీ చెంచా తీసి ఇచ్చే పని నేను చేశాను.