బోర్లించిన దోనె

తెల్లవారుజామున గూడెం స్టేషనులో పాసింజరు ఎక్కాను. కొల్లేటి లంకలో ఉండే మా అక్క సత్తెమ్మను కులపెద్దలు వెలివేశారని గూడెం సంతకు చేపలు తెచ్చినాయన చెప్పాడు. ఆమె చేసిన నేరం, విధవరాలైన కూతురికి మళ్లీ పెళ్లి చేసి తణుకు పంపడం. కూతురు చచ్చిపోయిందని నలుగురి ముందూ అంటే మళ్లీ కలుపుకుంటారట. అక్క అనలేదు.

ఏలూరులో ఇడ్లీలు తిని జట్కా ఎక్కాను. లంకకు వెళ్లేవారు పొద్దెక్కకముందే కొల్లేటి ఒడ్డు చేరాలి, తరవాత ఎదురుగాలి. ఒడ్డున దోనె ఎక్కాను. దోనె కదిలాక పడవవాడు అడిగాడు.

"ఎవరింటికండీ?"

"సత్తెమ్మగారింటికి."

దోనె వెనక్కి తిప్పేశాడు. "ఏవనుకోకండి. ఆవిడింటికి మనిషిని దింపితే రేపు మా ఇల్లూ అంతేనండి."

ఒళ్లు మండిపోయింది. ఇంకో దోనె అతనికి అబద్ధం చెప్పి లంక చేరాను.

అక్క గుడిసె ముందు ఆమె దోనె బోర్లించి ఉంది. వెలిపడ్డవాళ్ల దోనెను పెద్దలు అలా బోర్లిస్తారు, ఆ పెద్దలే మళ్లీ తిప్పాలి. చుట్టూ నీళ్లున్న ఊళ్లో ఇంతకన్నా జైలేముంది?

నన్ను చూసి అక్క నోరు తెరిచింది. మాట రావడానికి కొంతసేపు పట్టింది. పొయ్యిలో ఊక నిప్పు మాత్రం ఆరనివ్వలేదు.

"ఆరిపోతే నిప్పెవరిస్తార్రా? బాతులతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు వాటితో ఏం చెప్పాలో కూడా తోచట్లేదు."

బయటికొస్తే, కులపెద్దల్లో ఒకాయన ఎంతో మర్యాదగా అన్నాడు. "మేం ఆవిణ్ణి పల్లెత్తు మాట అన్లేదండీ."

"అవునండీ, మనిషితో మాటే లేకుండా చేశారు. అంతకంటే కొట్టి ఉంటే బావుండేది!" అని అరిచాను.

దోనె నేనే తిప్పాను. ఎవరూ ఆపలేదు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అక్క లోపలికి వెళ్లి, అన్నాళ్లు కాపాడుకున్న నిప్పు మీద చెంబెడు నీళ్లు పోసి వచ్చింది. నాకు గెడ వెయ్యడం రాక దోనె గుండ్రంగా తిరుగుతుంటే, గెడ లాక్కుని తనే ఒడ్డుకు చేర్చింది.

సాయంత్రం ఏలూరులో బండి ఎక్కాం. ఎదురుగా కూరగాయల బుట్టతో కూర్చున్నావిడ పలకరించింది. "ఏ ఊరమ్మా మీది?"

అక్క నా వైపు చూసింది. "నన్నేనా?"

"మిమ్మల్నేనండీ."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తరవాత మొదలుపెట్టింది. తన ఊరు, కూతురు, బాతులు, పొయ్యి, అన్నీ. గూడెంలో బండి ఆగినా అక్క మాట ఆగలేదు. నా కోపమూ ఇంకా ఆగలేదు.