ఐదో గది తెర

తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రికి టోకెన్ల తెర తయారుచేసే పని నాకు అప్పగించారు. డాక్టరు తన గదిలో బటన్ నొక్కగానే తర్వాతి నంబరు దానంతటదే వచ్చి హాల్లో తెర మీద పడాలి. అలా ఒకదాని వెనక ఒకటి వచ్చే నంబర్ల ధారకి తెర సబ్‌స్క్రైబ్ అయి, వచ్చిన నంబరునల్లా చూపిస్తూ ఉంటుంది. వేరే గదికి మార్చినప్పుడు పాత ధారను ఆపి కొత్తది అందుకోవాలి. ప్రోగ్రాంలో ఆ ఆపే లైను నేను రాయలేదు. ఒక్క గదితోనే పరీక్షించాను కాబట్టి తప్పు బయటపడలేదు.

మొదటిరోజు కౌంటరు వెనక స్టూలు మీద లాప్‌టాప్‌తో కూర్చున్నాను. కొత్తచోట నాకు మాట రాదు. కౌంటర్లో ఉండే అక్క అది కనిపెట్టి, "ఏం మే, మాట్లాడితే ముత్యాలు రాల్తాయా?" అని తన డబ్బాలోంచి సగం దోసె తుంచి ఇచ్చింది.

పదకొండింటికి ఐదో గది డాక్టరు వచ్చినాడు. అక్క తెరను రెండో గది నుంచి ఐదుకు మార్చింది. పైన ఐదు అనే పడింది. కింద మాత్రం రెండు గదుల నంబర్లూ ఒకే చోట వచ్చి పడుతున్నాయి. పద్దెనిమిది పడీ పడకముందే రెండో గది తొమ్మిది దాని మీదకొచ్చి నిలిచిపోయింది.

ఐదో గదికి ఆఖరిదైన ఆ పద్దెనిమిదో నంబరు ఒక అవ్వది. కళ్లలో చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకుని ఉంది. పక్కామె తెర చూసి, "ఇంకా తొమ్మిదేనవ్వా" అని చెబుతూనే ఉంది. చివరికి ఐదో గది డాక్టరు ఇంకెవరూ లేరనుకుని ఆపరేషన్లకు వెళ్లిపోయినాడు.

"సత్యవేడు నుంచి మొదటి బస్సుకొచ్చినా మే," అని అవ్వ అక్క మీద పడింది. "నా నంబరు యాడికి పోయింది?"

ఇన్‌ఛార్జి సారు వచ్చినాడు. "గది మార్చడం కూడా రాదా నీకు?"

"సరిగ్గానే మార్చినాను సార్. సూడండి, పైన ఐదే ఉండాది."

"మరి ఆ తొమ్మిది యాడ నుంచి వచ్చినట్టు?"

అక్క నా వైపు చూసింది. అప్పటికే నాకు తెలిసిపోయింది. తల వంచుకుని మర్చిపోయిన లైను రాశాను. తెర సర్దుకుంది. "ఈ పాప ఉండబట్టి సరిపోయింది," అన్నాడు సారు. దానికీ తల ఊపాను.

మర్నాడు కౌంటర్లో వేరే ఆమె ఉంది. అక్కను కింద రికార్డు రూముకు మార్చేశారట.

మూడు రోజులు డైరీలో మాత్రమే ఒప్పుకున్నాను. నాలుగో రోజు సారు ముందు నిలబడి తప్పు నాదని చెప్పాను.

"ఇప్పుడు బాగానే పనిచేస్తాండాది కదమ్మా," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. అక్కను మళ్లీ పైకి పిలిపించమని అడిగితే, చూద్దాంలే అన్నాడు.

రికార్డు రూములో అక్క ఫైళ్లు కట్ట కడుతోంది. జరిగిందంతా చెప్పాను. ముందు దారం ముడి బిగించింది.

"సారుకి చెప్తే ఏం లాభం మే," అంది తర్వాత. "ఆ అవ్వ ముందర చెప్పాల్సింది. పోతా పోతా నన్ను తిట్టిపోయింది ఆ యమ్మ."

ఇంకో కట్ట ముందుకు లాక్కుంది. నన్ను కూర్చోమనలేదు.