ఫ్లెక్సీ మీద నా ఉద్యోగం

ఫోన్ చేసినావిడ గొంతు తీయగా ఉంది. నేను చదివిన ప్రైవేటు యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగం నుంచట. "మేడమ్, ఆదివారం నరసరావుపేటలో మన సదస్సు. మీది ఆ ఊరే కదా. ఈ కోర్సు మీ జీవితాన్ని ఎలా మార్చిందో పిల్లలకు రెండు మాటలు చెప్పాలి."

నేనప్పుడు ఒక ప్రైవేటు స్కూలు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని సోషల్ పేపర్లు దిద్దుతున్నాను. నా జీవితం మారింది అంతవరకే. ఒళ్ళు మండింది. అయినా వస్తానన్నాను.

పేటలో మాది పల్లపు వీధి. మా నాన్న బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. వాన పడితే కాలవ నీళ్ళు ముందు మా ఇళ్ళలోకే వచ్చేవి. బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించడం చిన్నప్పటి నుంచీ నా పని. ఎగువన కొత్త వెంచర్లు వేసేకొద్దీ నీళ్ళు ఇంకా ఎత్తుకు రాసాగాయి. ఆ వెంచర్లకు అనుమతి ఎవరిచ్చారు, ఈ కాలవ ఇలా ఎవరు తవ్వారు అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగేదాన్ని. డిగ్రీ అయ్యాక, ఇవన్నీ నేర్పే చదువు ఒకటుందని తెలిసింది. అర్బన్ స్టడీస్.

ఆ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో కూర్చున్నాయన మా నాన్న భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. "భాయ్, మీ పేట జిల్లా కేంద్రం అయింది. ఇక ఊరంతా ప్లానింగే. మీ అమ్మాయి ఎం.ఏ. చేసి వచ్చేసరికి ఉద్యోగం రెడీగా ఉంటుంది."

అద్దె షెడ్డు వదిలి సొంత షాపు వేసుకోవాలని వినుకొండ రోడ్డులో కొనుక్కున్న స్థలాన్ని మా నాన్న అమ్మేశాడు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "బిడ్డ ఆఫీసర్ అవుతుంటే స్థలం గురించి ఏడుస్తావేందే" అని ఆమెను కసిరాడు.

చదువు మంచిదే. పాఠాలు చెప్పినవాళ్ళూ మంచివాళ్ళే. బస్తీల్లో తిరిగాం, మ్యాపులు గీశాం. మా వీధి ఎందుకు మునుగుతుందో నేనే ప్రాజెక్టు చేసి చూపించాను. నా కోపం వాటి మీద కాదు. తిరిగొచ్చాక మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే, అక్కడి అధికారి నా సర్టిఫికెట్‌ను ముందూ వెనకా తిప్పి చూశాడు.

"ఏందమ్మా ఇది? ప్లానింగ్ డిగ్రీయేనా?"

"అర్బన్ స్టడీస్ సార్. పట్టణాల గురించే."

"గురించి అంటే చాలదమ్మా. మాకు సివిలో, ఆర్కిటెక్చరో, ప్లానింగో ఉండాల. నోటిఫికేషన్‌లో నీ కోర్సు పేరే ఉండదు. చేరేటప్పుడు ఎవురూ చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పడానికే జీతం తీసుకునే మనిషి మా నాన్న భుజం మీద చెయ్యి వేసి కూడా చెప్పలేదు. ఆ తర్వాత సంస్థలకు, కన్సల్టెన్సీలకు రాసి రాసి అలిసిపోయాను. ఒకళ్ళు ఢిల్లీ రమ్మన్నారు, జీతం మాత్రం ఇచ్చేది లేదన్నారు. అక్కడ నేను అద్దె కట్టుకోవాలంటే మా నాన్న ఇంకేం అమ్మాలి?

ఆదివారం నాన్న నన్ను మోపెడ్ మీద ఫంక్షన్ హాలుకు తీసుకెళ్ళాడు. గేటు పక్కనే పెద్ద ఫ్లెక్సీ. అందులో నా ఫోటో, దాని కింద 'అర్బన్ ప్లానర్' అని అక్షరాలు. నాన్న బండి దిగి వాటిని కూడబలుక్కుంటూ చదివాడు.

"ఉద్యోగం వచ్చిందా బేటీ? నాకు చెప్పలేదేంది?"

ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆ మొహంలో వెలుగు చూస్తూనే రాలేదని చెప్పాను. ఆయన వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు.

మైకు నా చేతికివ్వగానే చెప్పేశాను. "నేను ప్లానర్‌ను కాదు. స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఈ కోర్సుతో టౌన్ ప్లానింగ్ ఉద్యోగానికి అప్లికేషన్ కూడా పెట్టలేం. ఫీజు కట్టేముందు పాత నోటిఫికేషన్లు తీసి అర్హత చూసుకోండి. పోయినేడు చదివినవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారో..."

మైకు ఆగిపోయింది. టై కట్టుకున్న కుర్రాడు నవ్వు మొహంతోనే నా మోచెయ్యి పట్టుకున్నాడు. వెనక నుంచి నాన్న లేచాడు.

"చెయ్యి తియ్! స్థలం అమ్మింది నేను. దాన్ని చెప్పనియ్యండి!"

నేను మైకు కింద పెట్టి, గొంతు చించుకుని మిగతాది చెప్పాను. అందరూ విన్నారని అనుకోను. చాలామంది ఇచ్చిన సమోసాలు తింటూ కూర్చున్నారు. బయటికొచ్చి ఫ్లెక్సీలో నా ఫోటో ఉన్నంత మేరా చింపేశాను. నాన్న ఒక కొస పట్టుకున్నాడు.

మోపెడ్ దగ్గరికి ఒక తల్లీ కూతురూ పరుగున వచ్చారు. దుర్గి నుంచట. ఇంటాయన రాతి విగ్రహాలు చెక్కుతాడట.

"అక్కా, దీనికి ఊళ్ళ ప్లాన్లు గియ్యాలని చానా ఇష్టం. చేర్చమంటారా, వద్దా?"

"ఇష్టమైతే చదవనివ్వండి. కానీ అర్హత ఉన్న కోర్సులో చేర్చండి, సర్కారు కాలేజీలో. ఇల్లూ వాకిలీ మాత్రం అమ్మొద్దు," అని నా ఫోన్ నంబరు రాసిచ్చాను.

కాలేజీలు తెరిచే రోజుల్లో ఆ తల్లి ఫోన్ చేసింది. కూతురికి ప్లానింగ్‌లోనే సీటొచ్చిందట. "మీరు చెప్పబట్టి బతికాం అక్కా" అంది. సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏడుపొచ్చింది, కోపంతో. ఆ నాలుగు మాటలు మా నాన్నకు చెప్పడానికి ఆ యూనివర్సిటీ వాళ్ళకు నోరెందుకు రాలేదు?