జైనబీ కుట్టిన ఈకలు

ఒమన్‌లోని బర్కా బజారులో ఉమైమా నడిపే అబాయా దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి జైనబీ ముఖం తెలియదు. ఆమె చేతిపని మాత్రం బాగా తెలుసు. పొడవాటి అబాయాల నల్లటి చేతుల అంచుల మీద నల్లదారంతోనే తీగలు అల్లేది. వెలుతురు పడితే తప్ప ఆ తీగ కనబడేది కాదు. కడపలో పెళ్లికి ముందు మేనత్త దగ్గర మగ్గం ముందు కూర్చుని కొక్కెంలాంటి ఆరి సూది పట్టడం నేర్చుకుంది. భర్త పోయాక ఆ సూదినే నమ్ముకుని ఒమన్ వచ్చింది.

దుకాణం వెనక గదిలో కిటికీ పక్కన ఆమె మగ్గం. ఎదురుగా కటింగ్ బల్ల దగ్గర నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన లింబాద్రి. అతను కత్తిరించింది ఈమె అలంకరించడం, ఇద్దరూ కలిసి టీ తాగడం ఏళ్ల తరబడి సాగుతున్న అలవాటు.

ఒక చలికాలం వాణి అనే అమ్మాయి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. ఆమెది విజయనగరం కుటుంబం. తండ్రి ఉద్యోగం వల్ల మస్కట్‌లోని దార్సైట్‌లోనే పెరిగింది. చిన్నప్పటి నుంచి బాలే నృత్యం నేర్చుకుని, ఇప్పుడు అక్కడే పిల్లలకు నేర్పుతోంది. సముద్రపక్షుల కథను నృత్యంగా ఆడబోతున్నారట. ప్రధాన పక్షి తానే. ఆ పక్షి దుస్తులు కుట్టిపెట్టమని అడిగి, ఫోనులో వీడియో చూపించింది.

"వేళ్ల కొసల మీద నిలబడతారా పాపా? నొప్పి పుట్టదా?" అంది జైనబీ.

"పుడుతుందండీ. పైకి కనబడనివ్వకూడదు, అంతే."

జైనబీ తన వేళ్ల వైపు చూసుకుంది. చాలా నెలలుగా పొద్దున లేవగానే ఆమె కుడిచెయ్యి తిమ్మిరెక్కి చెక్కముక్కలా ఉంటోంది. విదిలించి, వేడినీళ్లలో పెట్టి, దాన్ని దారికి తెచ్చుకుని పనికి వస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

లింబాద్రి నెట్ గుడ్డను పొర మీద పొరగా కత్తిరించి పావడా కట్టాడు. పై జాకెట్టుకు తెల్లని ఈకలు కుట్టడం జైనబీ వంతు. ప్రతి ఈక కాడనూ దారంతో చుట్టి లోపలికి అణచాలి. లేకపోతే ఎగిరినప్పుడు ఒంట్లో గుచ్చుకుంటుంది. నల్లగుడ్డ తప్పులు దాచుకునేది. తెల్లగుడ్డ ఏదీ దాచుకోదు. మెడ వంచి కూర్చుంటే మధ్యాహ్నానికి భుజం రాయిలా అయ్యేది.

మొదటిసారి తొడిగి చూసినప్పుడు వాణి చేతులు పైకెత్తగానే జాకెట్టంతా పైకి లేచింది. చంకల దగ్గర వదులు కావాలి. అంటే ఆ పక్క ఈకలన్నీ విప్పాలి. జైనబీ అవన్నీ విప్పి, మళ్లీ మొదలుపెట్టింది.

"అక్కా, రక్తం!" అన్నాడు లింబాద్రి, రెండో రోజు.

కొత్త ఈక కింద ఎర్రటి చుక్క. వేలికి సూది ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియనే లేదు. గబగబా దారం ముక్కను నోట్లో తడిపి మరక మీద అద్దింది. ఎవరి రక్తం వారి ఉమ్మికే పోతుందని మేనత్త చెప్పేది. మరక పోయింది.

"మరక సరే, వేలు సంగతేంది? కండ్లు మూసుకో." లింబాద్రి గీతలు గీసే సుద్దముక్కతో ఆమె బొటనవేలిని తాకాడు. "చెప్పు, ఏ వేలు?"

"నువ్వింగా తాకనే లేదు గదప్పా."

కళ్లు తెరిచేసరికి బొటనవేలి మీద తెల్లటి గీత ఉంది. లింబాద్రి ముఖం మాడిపోయింది. "ఎన్నాళ్ల సంది గిట్లుంది? నాకన్నా చెప్పకపోతివి."

"చెప్తే ఊరికి పంపేస్తారని భయం నాయనా. సూది తప్ప నాకేం వచ్చు?"

అతనే ఉమైమాకు చెప్పాడు. హిందీ, అరబ్బీ కలిపి, చెయ్యి చూపిస్తూ. ఉమైమా వెంటనే కారు తాళాలు తీసుకుని, జైనబీని తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. మణికట్టులో నరం నలిగిందని, చిన్న ఆపరేషన్ చాలని, ఇంకా ఆలస్యం చేస్తే స్పర్శ తిరిగి రాదని డాక్టరు చెప్పాడు.

"పాప డ్యాన్స్ అయిపోయినాక చేయించుకుంటా," అంది జైనబీ. ఉమైమా ఒప్పుకోలేదు. మర్నాడే వాణిని పిలిపించింది.

వాణి సంగతంతా విని కుర్చీలో కూర్చుంది. బూట్లు విప్పి పాదం చాపింది. వేళ్లకు టేపులు, ఒక గోరు నల్లగా చచ్చిపోయి ఉంది. "నేనూ ఇలాగే దాచానండీ. టీచరుకు తెలిసేసరికి ఎముక చిట్లింది. ఆ ఏడాదంతా ఆడలేదు." జాకెట్టు చేతిలోకి తీసుకుంది. "ముందువైపు అయిపోయింది కదా. వెనక ఈకలు వద్దు."

వెనకవైపు లింబాద్రి నెట్ కుచ్చులు పెట్టి మిషన్ మీద కుట్టాడు. జైనబీ పక్కన కూర్చుని, ఎక్కడ ఒత్తుగా ఉండాలో, ఎక్కడ పలచగా ఉండాలో చెప్పింది. ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకుంది.

ప్రదర్శన రోజు చేతికి కట్టుతోనే హాల్లో కూర్చుంది. వాణి తిరిగిన ప్రతిసారీ ఈకలు ఎక్కడ ఆగి కుచ్చులు ఎక్కడ మొదలయ్యాయో వెతికింది. ఒక్కసారీ దొరకలేదు. నీలిరంగు వెలుతురులో ఒకే ఒక తెల్లపిట్ట తేలిపోతోంది. ఆమెకు అందంగా అనిపించింది, కాస్త బాధగానూ అనిపించింది.

"ఇంత దూరానికి అంత సన్నంగా కుట్టల్లనా లింబాద్రీ?"

"దూరమున్నోళ్లకు ఏం తెలుస్తది అక్కా. తొడుక్కున్న పిల్లకు తెలుస్తది. ఒక్క కాడ గూడ గుచ్చలేదన్నది."

జైనబీ పైటకొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ పిట్టను చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు మగ్గం ముందు ఎక్కువగా హసీనా అనే కొత్తామె కూర్చుంటోంది. నమూనాలు గీసేది, దారం ఎంచేది జైనబీ. అలిసిపోకుండా కాసేపు కుడుతుంది, ఆపేస్తుంది. ఆపడం కూడా పనిలో భాగమేనని హసీనాకు మొదటి రోజే చెప్పింది.

ఎండ తగ్గిన ఒక సాయంత్రం లింబాద్రి టీ గ్లాసు అందించాడు. అందుకోగానే బొటనవేలు చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. టీ బల్ల మీద ఒలికింది.

"కాలిందా అక్కా?"

"కాలిందప్పా," అంది జైనబీ. నవ్వుతూ మళ్లీ గ్లాసు కోసం చెయ్యి చాపింది.