ఎరుకమ్మ కొలిచిన అడుగులు

సునామీ తర్వాత అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో పిల్లల ఈత శిక్షణకు హాజరు రాసేది ఎరుకమ్మ. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండేది. రోజూ చెప్పులు విడిచి, ఒడ్డున కూర్చున్న శ్రావణి దగ్గర్నుంచి నీళ్లదాకా అడుగులు కొలిచి, రిజిస్టరు అంచున రాసేది. పదమూడేళ్ల ఆ పిల్ల తల్లి సునామీ అలల్లోనే పోయింది. మూడో నెల లెక్కలు చూడ్డానికి వచ్చిన ఆఫీసరు జితేంద్ర, "దీదీ, శ్రావణి ఒక్కరోజూ నీళ్లలో దిగలేదు. అన్నీ జీరోలే. పేరు కొట్టేద్దాం" అన్నాడు.

"అరే, అంచు చూడు భయ్యా. మొదట్లో అరవై అడుగులు, నిన్న తొమ్మిది."

"పోటొస్తే నీళ్లే దగ్గరికొస్తాయి కదా దీదీ!"

"వచ్చాయి. పిల్ల లేచి పారిపోలేదు కదా!"

జితేంద్ర స్కేలు అడిగి తీసుకుని, సున్నాల పక్కన అడుగుల కోసం కొత్త గడి గీశాడు. ఎరుకమ్మ చెప్పులు విడిచింది.