తాతగారి ఫోటో పక్కన గాలి మిషను

ఆ రోజుల్లో వెన్ను నిటారుగా పెట్టుకుని నడవడం తప్ప నాకు వేరే ఆస్తి లేదు. తాతగారి పత్తి మిల్లు, పొలాలు నేను పుట్టకముందే చేతులు మారాయి. రోజూ ఇస్త్రీ చొక్కాతో పెదకాకానిలో బస్సెక్కి, గుంటూరులో ఒక మిర్చి కొట్టు దగ్గర దిగి, పాత చొక్కా తొడుక్కుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని మిర్చి బస్తాలు (మేం టిక్కీలంటాం) తూకం వేసేవాణ్ణి. వీధిలో మాత్రం పొలాలు చూసుకుంటున్నానని చెప్పేవాణ్ణి. (ఏ పొలాలని ఎవరూ అడగలేదు. అది వాళ్ల మర్యాద.)

అలాంటప్పుడు ఊరి గాలికీ ఊపిరితిత్తుల జబ్బులకీ ఉన్న సంబంధం తేల్చడానికి ఒక డాక్టరమ్మ మా వీధికి వచ్చింది. అందరిచేతా ఒక గొట్టంలోకి ఊదించింది. దగ్గుతూ దగ్గుతూ ముసలివాళ్లకంటే నేనే తక్కువ ఊదాను. "ఏం పని చేస్తుంటారండీ?" అంది. "పర్యవేక్షణ" అన్నాను. అలాగే రాసుకుని, చిన్న మిషనొకటి ఇచ్చి, వారంపాటు చొక్కాకి తగిలించుకుని తిరగమంది. దాంతో కొట్టుకి వెళితే నా గుట్టు బయటపడదూ? పైగా ఆవిడకి కావలసింది గాలి. కొట్టులో ఉండేది ఘాటు. ఘాటు కూడా గాలి లెక్కలోకి వస్తుందని నాకు నిజంగా తోచలేదు. మిషన్ని తాతగారి ఫోటో పక్కన మేకుకి తగిలించి పనికి వెళ్లిపోయేవాణ్ణి.

వారం తర్వాత ఒక సాయంత్రం ఆవిడ వచ్చి, మిషను పంపిన గీతల్ని ఫోనులో చూసి తల పట్టుకుంది. "పగలంతా గాలి శుభ్రంగా ఉంది. సాయంత్రం ఆరింటికి మాత్రం కొండలా లేస్తోంది. ఏమిటండీ ఇది?"

నాకూ అర్థం కాలేదు. ఇద్దరం అయోమయంగా వాకిట్లోకి చూశాం. ఎదురుగా టీకొట్టు బాబాయ్ కట్టెల పొయ్యి రాజేస్తున్నాడు.

"ఇదన్నమాట! ఈ కొట్టు తీయించమని పంచాయతీకి రాస్తాను."

బాబాయ్ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "అదేందమ్మా! ఇరవయ్యేళ్లుగా ఈ పొగలో ఉంది నేను. నాకు లేని దగ్గు అబ్బాయిగారికెందుకొచ్చిద్ది?"

సరిగ్గా అప్పుడే లోపల నాయనమ్మ సాంబ్రాణి ధూపం తెచ్చి, తాతగారి ఫోటోకి చూపించి, పక్కనున్న మిషనుకి కూడా భక్తిగా మూడుసార్లు తిప్పింది.

డాక్టరమ్మ మిషన్ని మేకు మీంచి తీసి చేతిలో పట్టుకుంది. నా వైపు తిరిగి, "సాంబ్రాణి సరే. రోజుకో నిమిషం ధూపానికి ఊపిరి ఇంత పాడవదు. పగలంతా ఇంట్లోనే ఉంటానంటే తప్పు మళ్లీ ఆ పొయ్యిదే అవుతుంది. ఎక్కడుంటారండీ మీరు?" అంది.

బాబాయ్ నా వైపే చూస్తున్నాడు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"మిర్చి కొట్టులో. ఆరేళ్లుగా టిక్కీలు తూస్తున్నాను."

నేలేమీ బద్దలవలేదు. "నీ తువ్వాలు ఉతికేది నేను కాదంట్రా? తుమ్మలేక చస్తన్నా" అంది నాయనమ్మ. "మీరు బస్సు దిగితే నా బెంచీ మీదోళ్లంతా తుమ్ముతారు అబ్బాయిగారూ!" అన్నాడు బాబాయ్. తర్వాత నెమ్మదిగా, "వీళ్ల తాతగారి మిల్లులో మా నాయన దూది దుమ్ములో పనిచేశాడు. దగ్గి దగ్గి పోయాడు. ఊరి గాలి పడలేదన్నారు. అది కూడా రాసుకోమ్మా" అన్నాడు.

ఆవిడ రాసుకుంది. ఆ పూట నేను తాతగారి ఫోటో వైపు చూడలేకపోయాను.

ఇప్పుడెవరైనా ఏం చేస్తావని అడిగితే, వెన్ను నిటారుగానే పెట్టి చెబుతాను. సగంలో దగ్గొస్తుంది, అది తగ్గాక మిగతా సగం చెబుతాను. ఆ 'పర్యవేక్షణ' గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. పాపం ఆ కుర్రవాడు! ఆరేళ్లూ అతను పర్యవేక్షించింది తన చొక్కా మడతల్నే.