నాలుగు మూలల నాపరాయి

మొన్న తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు, కర్నూలులోని మా ఇంట్లో సోఫా మీద కాళ్లు ముడుచుకొని కూర్చుని, నలుగురు కలిసి చేయాల్సిన ప్రాజెక్టును ఫోనులో ఒక్కతే చేసేస్తుంటే, ఎర్రగుంట్ల దగ్గరి హైస్కూల్లో నేను సైన్సు టీచరుగా చేరిన కొత్తలో మా పిల్లలు మోసిన నాపరాళ్లు గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఆ బడిలో బెంచీలు లేవు. ఒక పిల్ల తండ్రి, గనిలో మేస్త్రీ, అంచులు విరిగి అమ్ముడుపోని నాపరాళ్లు కొన్ని పంపించాడు. రాయికి నలుగురిని, మూలకొకరు చొప్పున కూర్చోబెట్టి, దాని మీదే రాసుకోమని సుద్దముక్కలిచ్చి, ఏ సందేహం వచ్చినా ముందు నాలుగు మూలలూ అడగాలి, అప్పటికీ తేలకపోతేనే నా దగ్గరికి రావాలి అని కట్టడి చేశాను. పొద్దున వేపచెట్టు కిందికి, సాయంత్రం వరండాలోకి ఆ రాయిని మోయడమూ ఆ నలుగురి పనే. బయట వదిలేస్తే అది ఏ లారీ ఎక్కుతుందోనని మా భయం. ఒకరు రాకపోతే రాయి కదలదు కాబట్టి, మిగతా ముగ్గురూ ఇంటికెళ్లి, కడుపునొప్పి అని ముసుగుతన్నినవాణ్ని దుప్పటితో సహా లాక్కొచ్చేవాళ్లు.

నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. అది తేల్చడానికి తనిఖీకొచ్చిన పెద్దాయన, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో రాయి పక్కనే కుర్చీ వేయించుకుని, మేస్త్రీ కూతుర్ని లేపి, మట్టికుండలో నీళ్లెందుకు చల్లబడతాయని అడిగారు. ఆ పిల్ల చటుక్కున కూర్చుని మిగతా మూలలతో గుసగుసలు మొదలుపెట్టింది.

"ఏమ్మా, మీ టీచరు చెప్పలేదా?"

"లేదు సార్," అంది ఆ పిల్ల ఎంతో గర్వంగా, "మమ్మల్నే కనుక్కోమనింది."

ఇక నా ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. ఈలోగా వాళ్లు ఆయన చేతికి తడిగుడ్డ చుట్టి గాలిలో ఊపమన్నారు. ఆయన ఈగలు తోలుతున్నట్టు కాసేపు ఊపి, "అబ్బా, చల్లగుండాదే!" అన్నారు. తడి ఆరేటప్పుడు వేడిని పట్టుకుపోతుందని నలుగురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, మధ్యలో పోట్లాడుకుంటూ చెప్పారు. అంతలో ఆఖరి గంట కొట్టారు. వాళ్లలో ఒకడు ఆరోజు చెయ్యి బెణికి కట్టు కట్టుకుని వచ్చాడు, పొద్దున వాడి మూల నేనే పట్టాను. నేను లేచేలోపే మేస్త్రీ కూతురు, "మీరు గూడా ఈడనే కూర్చుంటిరి గదా సార్, ఆ మూల పట్టుకోండి!" అనేసింది.

పట్టుకున్నారు, పాపం. వరండాలో రాయి దించి, చొక్కానిండా సుద్దతో రొప్పుతూ నా వైపు తిరిగి, "శానా బరువుండాది. ఏమమ్మా, నాకు గూడా పని పెడితివే! ఇంక నువ్వు ఈ రాళ్లను ఇడిచిపెట్టి యాడికీ పోవద్దు," అని పకపకా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ప్రాజెక్టులో మిగతా ముగ్గురినీ అడిగావా అంటే మా మనవరాలు, వాళ్లు ఆన్‌లైన్లో లేరవ్వా, పేర్లు పెట్టేస్తాలే అంది. పెట్టేసింది కూడా, ప్రాజెక్టు బ్రహ్మాండంగా ఉంది. ఒకరు రాకపోతే ఆగిపోయే పని ఈ పిల్లలకు ఒక్కటీ లేదు. అందుకే, ఎవరు రాలేదో చూసి ఇంటికెళ్లి దుప్పటి లాగేవాళ్లూ లేరు.